కారు, కార్డు, కాగితం

చిన్నా,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, కారు దొరికింది, 6 వేల డాలర్లే, శనివారం డబ్బు ఇచ్చేస్తున్నా" అన్నావు. సరేనన్నాను గానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లోనే చెబుదామంటే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ లాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. శనివారంలోగా చదువు.

ఖమ్మంలో మీ తాతయ్య స్కూటర్‌కి ఒకే మెకానిక్ ఉండేవాడు. శబ్దం విని జబ్బు చెప్పేవాడు. ఒక రూపాయి ఎక్కువ తీసుకున్నా, సాయంత్రం మన ఇంటి ముందు నుంచే పోవాలి గనక ఆ మొహమాటం ఉండేది. ఇక్కడ నీ మొహం ఎవరికీ తెలీదు, వాళ్ల మొహం నీకు తెలీదు. ఈ దేశంలో ఆ మొహమాటం చేసే పని కాగితం చేస్తుంది. మిషిగన్ వచ్చి 22 ఏళ్లయింది, నేను డబ్బు పోగొట్టుకున్న ప్రతిసారీ చదవాల్సిన కాగితం ఏదో చదవకుండా వదిలేశాను.

ముందు ఆ 6 వేల కారు సంగతి చూద్దాం. అమ్మే మనిషిని టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే ప్రభుత్వ కాగితం, చూపించమను. దాని మీద ఉన్న పేరూ, అతని డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్న పేరూ ఒకటే కావాలి. "మా కజిన్ కారు, నేను అమ్మిపెడుతున్నా" అంటే ఆ కజిన్‌నే రమ్మను. టైటిల్ మీద ఎక్కడైనా శాల్వేజ్ అనో, రీబిల్ట్ అనో ఉందా చూడు. ఉంటే ఆ కారు ఒకసారి పెద్ద దెబ్బ తిన్నదన్నమాట. లోన్ ఇచ్చిన బ్యాంకు పేరుంటే ఆ లోన్ తీరిందని రాతపూర్వకంగా చూపించాలి. ముందు అద్దం కింద, డ్రైవర్ వైపు మూలన, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ నంబరు, అంటే ఆ కారు గుర్తింపు నంబరు, ఉంటుంది. అదీ టైటిల్ మీదదీ అక్షరం అక్షరం సరిపోవాలి. ఆ నంబరునే రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొడితే, కంపెనీ రీకాల్ చేసి ఇంకా బాగుచేయని లోపాలేమైనా ఉన్నాయా అన్నది ఉచితంగా చూపిస్తుంది. పేలి ముక్కలు చిమ్మిన తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతి విన్నావు కదా, ఈ దేశంలో అంత పెద్ద రీకాల్ ఇంకొకటి లేదు. ఆ ఎయిర్‌బ్యాగులతో తిరుగుతున్న పాత కార్లు ఇంకా ఉన్నాయి. రీకాల్ రిపేరుకి డీలర్ పైసా తీసుకోడు, నువ్వు మూడో ఓనరువైనా సరే.

డబ్బు ఇచ్చే ముందు, అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్‌కి చూపించు. వంద, నూటయాభై డాలర్లు అవుతుంది. "దానికి టైమ్ లేదు, ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారు" అంటే ఆ ఇద్దరికే అమ్ముకోమను. కారు చూడకుండా "హోల్డ్ చేస్తా, జెల్‌లో రెండొందలు పంపు" అన్నా అంతే. జెల్ అంటే బ్యాంకు ఖాతా నుంచి ఫోన్లోనే డబ్బు పంపే పద్ధతి. జెల్‌లో మన చేత్తో మనం పంపిన డబ్బు మళ్లీ వెనక్కి రావడం చాలా కష్టం. మిషిగన్‌లో టైటిల్ పనులు చూసేది రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు, మీ ఫ్రెండ్స్ చెప్పే డీఎంవీ (మోటారు వాహనాల శాఖ) కాదు. ఇద్దరూ కలిసి అక్కడికే వెళ్లి టైటిల్ మార్పించుకుంటే గొడవే ఉండదు. విడిగా చేసుకుంటే 15 రోజుల్లోపు నీ పేరు మీదకి మార్చుకోవాలి, లేకపోతే ఫైన్. ఇంకొకటి, మనవాళ్లలో చాలామంది "నచ్చకపోతే 3 రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చంట" అంటుంటారు. ఆ కూలింగ్ ఆఫ్ రూల్ ఇంటికొచ్చి అమ్మేవాళ్లలాంటి వాళ్లకి. డీలర్ దగ్గర సంతకం పెట్టిన కారుకి అది వర్తించదు.

ఇక కొన్న తర్వాత. నేనొచ్చిన రెండో ఏడాది, ఇంటి దగ్గర్లో ఒక ఆయిల్ చేంజ్ షాపుకి వెళ్లాను. కుర్రాడు నల్లగా మసిబారిన ఫిల్టరు ఒకటి తెచ్చి చూపించి, "మేడమ్, ఇంజన్ ఫ్లష్ చేయకపోతే కష్టం" అన్నాడు, అంటే ఇంజన్ లోపలంతా కడగాలట. 40 డాలర్ల పని 240 అయింది. ఇంటికొచ్చి గ్లవ్ బాక్సులోని కారు కంపెనీ పుస్తకం తీస్తే, ఆ మైళ్లకి ఫ్లష్ అన్న మాటే లేదు. ఆ ఫిల్టరు అసలు నా కారుదేనా అని అడగాలని కూడా ఆ రోజు తోచలేదు.

ఆ పుస్తకం చదువు, చిన్నా. అద్దం మీద వాళ్లు అంటించే స్టిక్కరు 3,000 మైళ్లకే మళ్లీ రమ్మంటుంది. సింథటిక్ ఆయిల్ వాడే ఇప్పటి కార్లలో చాలావాటికి 5,000 నుంచి 10,000 మైళ్ల దాకా పర్లేదు, ఎంతన్నది నీ కారు పుస్తకంలోనే ఉంటుంది. అందులో రెండు పట్టికలుంటాయి, మామూలు వాడకానికి ఒకటి, కఠినమైన వాడకానికి ఒకటి. నీ ఆఫీసు ఇంటికి 3 మైళ్లు. చలికాలంలో ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తావు. నువ్వు పెద్దగా తిరగకపోయినా అది కఠినమైన వాడకమే, ఆ రెండో పట్టికే చూసుకో. బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ పోతుందని డీలర్ బెదిరిస్తే భయపడకు. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం, కేవలం బయట సర్వీసు చేయించావన్న కారణంతో వారంటీ కాదనడానికి వీల్లేదు. కాకపోతే టైముకి చేయించినట్టు నీ దగ్గర రసీదులుండాలి. అన్నీ ఫోటో తీసి ఒక ఫోల్డర్లో పెట్టు. ఏసీ గాలి ఫిల్టరు మాత్రం నువ్వే మార్చుకో. చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది, పది నిమిషాల పని.

టైర్ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకు. గాలి ఎంత కొట్టాలన్నది టైరు మీద చూడకు. అక్కడ రాసింది టైరు తట్టుకోగల గరిష్ఠం. నీ కారుకి కావలసింది డ్రైవర్ తలుపు తెరిచాక చట్రం మీద కనిపించే స్టిక్కర్లో ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోతే టైర్లో గాలి సుమారు 1 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. అందుకే అక్టోబరులో మొదటి చలి ఉదయం స్టీరింగ్ ముందు టైరు గాలి తగ్గిందని చెప్పే ఆ పసుపు దీపం వెలుగుతుంది, నువ్వేమో టెన్షన్ పడి ఫోన్ చేస్తావు. పంక్చరే అయుండక్కర్లేదు, ముందు గాలి చూడు. అలాగని ఆ దీపం కోసం ఎదురుచూడకు. గాలి పావు వంతు తగ్గాక గానీ అది వెలగనక్కర్లేదు. నెలకోసారి, బండి కదలకముందు, చల్లని టైరు మీదే కొలవాలి. గేజి పది డాలర్లు కూడా ఉండదు. పాత కారు కొంటున్నావు గనక టైరు వయసు కూడా చూడు. పక్కన డాట్ అన్న అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడు. 3519 అంటే 2019లో 35వ వారం తయారైందని. గాడి లోతుకి లింకన్ బొమ్మ ఉన్న పెన్నీ, అదే ఒక సెంటు నాణెం, చాలు. లింకన్ తలని కిందికి పెట్టి గాడిలో దూర్చు, తల మొత్తం కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే. ఇక్కడి మంచులో అంత అరిగేదాకా కూడా ఆగకూడదు.

మంచు అనగానే ఉప్పు. డెట్రాయిట్ ఊరి కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది తెలుసా? అక్కడ తవ్విన ఉప్పు రోడ్ల మీద చల్లుతారు. ఆవకాయకి పనికిరాదులే గానీ, మీ కారు అడుగుభాగాన్ని మాత్రం నిదానంగా తినేస్తుంది. చలికాలంలో కార్ వాష్‌కి వెళ్తే అడుగు కూడా కడిగేది ఎంచుకో. అద్దం కడిగే డబ్బాలో నీళ్లు పోయకు, గడ్డకడతాయి. చలికాలానికని అమ్మే ద్రవం పొయ్యి. తలుపు వేసి ఉన్న గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం ఎప్పుడూ చేయకు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మంచు కురిసిన రాత్రి బయట పెట్టిన బండికైతే పొగగొట్టం మూసుకుపోయిందేమో చూసి మరీ స్టార్ట్ చెయ్యి.

చెక్ ఇంజన్ దీపం నిలకడగా వెలిగితే కంగారు లేదు, త్వరలో చూపించు. కొన్నిసార్లు పెట్రోలు మూత సరిగ్గా బిగించకపోయినా వెలుగుతుంది. ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే మాత్రం మెల్లగా పక్కకి ఆపేయాలి. 1996 తర్వాతి కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది. అందులో పెట్టే రీడర్ పాతిక డాలర్లలోపు కొనుక్కుంటే లోపం ఏమిటో చెప్పే కోడ్ నువ్వే చదువుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఇప్పుడు నా తెలివితక్కువ పని ఒకటి. మంచు టైర్లు నాలుగు కలిపి 600 డాలర్లు అవుతాయని షాపులో చెబితే, ఎక్కడో ఒక వెబ్‌సైట్లో 220కే కనిపించాయి. డెబిట్ కార్డుతో కొనేశాను. ట్రాకింగ్ నంబరు వచ్చింది. వారం తర్వాత "డెలివర్డ్" అని చూపించింది, మా ఊరే, మా ఇల్లు కాదు. ఎవరికో ఏదో చిన్న కవరు పంపి, ఆ నంబరు నాకిచ్చారన్నమాట. సైటు మాయం. బ్యాంకువాళ్లు "డెలివరీ అయినట్టుంది కదండీ" అన్నారు. మీ పెదనాన్న ఇప్పటికీ ప్రతి నవంబరులో గుర్తు చేస్తారు.

అదే క్రెడిట్ కార్డు అయితే చట్టం నా వైపు ఉండేది. సరుకు అందకపోతే, స్టేట్‌మెంటు పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు, వాళ్లు విచారించే దాకా ఆ మొత్తం కట్టక్కర్లేదు. కార్డు దొంగలపాలైనా నీ మీద పడేది 50 డాలర్లకు మించదు. డెబిట్ కార్డు దొంగలపాలైతే రెండు పనిరోజుల్లో చెబితేనే 50, ఆలస్యమైతే 500 దాకా, స్టేట్‌మెంటు వచ్చి 60 రోజులు దాటితే ఇంకా ఎక్కువ. పైగా పోయేది నీ అద్దె డబ్బు. అందుకే ఆన్‌లైన్‌లో క్రెడిట్ కార్డే వాడు, నెలాఖరుకి మొత్తం కట్టెయ్యి. ఆ స్టేట్‌మెంటు వరస వరసా చదువు. ఫ్రీ ట్రయల్ అని నొక్కి మరిచిపోయినవి అందులోనే బయటపడతాయి.

పెద్ద సైట్లలో కొన్నా "సోల్డ్ బై" అన్న లైను చూడు. సైటు పేరు పెద్దదే, అమ్మేవాడు ఎవరో తెలియనివాడు కావచ్చు. ఫోన్ కేసైతే పోనీలే. బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్‌బ్యాగులు అలా కొనకు.

మొన్న నాకొక మెసేజ్ వచ్చింది, టోల్ బాకీ ఉందట, వెంటనే ఈ లింకులో కట్టమని. మిషిగన్‌లో టోల్ రోడ్డే లేదు, టోల్ తీసుకునేవన్నీ వంతెనలూ సొరంగమూ. నవ్వుకుని తీసేశాను గానీ, టెక్సస్‌లో ఉండే మీ అక్క దాదాపు కట్టబోయింది. పోస్టాఫీసు పేరుతో "మీ పార్శిల్ ఆగింది" అని వచ్చేదీ ఇదే బాపతు. లింకు నొక్కకు, ఆ సంస్థ సైటు పేరు నువ్వే టైప్ చేసి చూసుకో. ఇమ్మిగ్రేషన్ ఆఫీసరునని గద్దించి, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదవమంటే మాత్రం ఇంకేం ఆలోచించకు, పెట్టేయడమే. ఏ ప్రభుత్వమూ గిఫ్ట్ కార్డుల్లో డబ్బు అడగదు.

మీ అమ్మ థాంక్స్‌గివింగ్ సేల్లో బ్లెండర్ కొనిపెట్టమందని చెప్పావు కదా. కొనేముందు దాని అడుగున రాసింది చదువు. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, మన ఇంట్లో 230. "100-240" అని ఉంటే తీసుకెళ్లొచ్చు. ఉత్త 120 అని ఉంటే, ఖమ్మంలో మొదటి చట్నీకే మాడిపోతుంది. ఫోన్ ఛార్జర్లకి ఈ బాధ లేదు, బ్లెండర్లకే.

ఆ కారు విన్ నంబరూ టైటిలూ ఫోటో తీసి రేపు సాయంత్రానికి నాకు పంపు. శనివారం పదింటికి మీ పెదనాన్న ట్రాయ్‌లో నీ దగ్గరికి వస్తారు, గాలి గేజి, టార్చి తెస్తారు. ఆయన బండి కిందకి దూరి చూస్తే సిగ్గుపడకు. గోంగూర పచ్చడి సీసా కూడా పంపుతున్నాను, ఫ్రిజ్‌లో పెట్టుకో.

మీ పెద్దమ్మ