కోరల్, ఫోటోషాప్ లోగో దగ్గరే బిగుసుకుపోతుంటే: ముందు పాత షాపు ఆనవాళ్లు వెతకండి

రాజోలు నుంచి మీరు రాసినదాంట్లో నాకు పట్టుబడిన ముక్క ఒక్కటే: "షాపు రోడ్డు అవతలికి మార్చినప్పటి నుంచి" అన్నారు చూడండి, అది. కోరల్ డ్రా, ఫోటోషాప్ రెండూ లోగో చూపించి ఐదేసి నిమిషాలు బిగుసుకుపోతున్నాయి, పైన నాట్ రెస్పాండింగ్ అని వస్తోంది, మూడుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు, మెకానిక్ ర్యామ్ పెంచమంటున్నాడు, యూట్యూబ్ శుభ్రంగా ఆడుతోంది కాబట్టి నెట్ సమస్య కాదు అని మీ లెక్క. ర్యామ్ అప్పుడే కొనకండి. యూట్యూబ్ ఆడటానికీ దీనికీ సంబంధం లేదండి. నేనూ ఏడాదిపాటు ఆ లెక్కే వేసుకుని చెడ్డాను.

మాది అంబాజీపేట. కొబ్బరి మార్కెట్ దగ్గర చిన్న డిజైనింగ్ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కొబ్బరి నూనె సీసాల లేబుళ్లు, ఇదీ పని. 2021 దాకా ఇద్దరం భాగస్తులం. ఆయనది ఫ్లెక్సీ మిషను, నాది డిజైను. మిషను నడిపే కంప్యూటర్లో ఒక ఫోల్డర్ షేర్ చేసి, నా కంప్యూటర్లో దాన్ని జడ్ డ్రైవ్‌గా పెట్టుకున్నాం. ఫాంట్లు, దేవుళ్ల బొమ్మలు, పాత జాబ్‌లు అన్నీ అందులోనే. విడిపోయినప్పుడు ఆయన మిషనూ, దాని కంప్యూటరూ, రౌటరూ, నెట్‌వర్క్ మీద నడిచే లేజర్ ప్రింటరూ పట్టుకెళ్లాడు. గొడవేం లేదు, లెక్క ప్రకారమే. నాకు నా కంప్యూటరు, ఒక యూఎస్‌బీ ప్రింటరు మిగిలాయి. నెట్ అంతా ఫోన్ హాట్‌స్పాట్ మీద.

అప్పట్నుంచి మొదలైంది. పొద్దున్న కోరల్ మీద నొక్కి, టీ కొట్టుకెళ్లి టీ తాగి వస్తే అప్పటికి తెరుచుకునేది. సంక్రాంతి ముందు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫ్లెక్సీల రద్దీలోనైతే, ఒకసారి తెరిచిన కోరల్‌ని రాత్రి కూడా మూసేవాణ్ణి కాదు. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిందంటే నా మొహం చూడాలి అప్పుడు. మెకానిక్ మాట విని పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి మార్పించాను. విండోస్ గబుక్కున లేచేది. కోరల్ మాత్రం అవే నాలుగు నిమిషాలు. అప్పుడైనా నాకు బుర్ర వెలగాలి: డిస్క్ మారినా సమయం మారలేదంటే కంప్యూటర్ కష్టపడుతూ ఆలస్యం చేయట్లేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది. టాస్క్ మేనేజర్ తెరిచి ఉంటే సీపీయూ దాదాపు సున్నా దగ్గర కూర్చుని కనిపించేది. మీరు ముందు అదే చూడండి. లోగో కనిపిస్తున్నంతసేపూ సీపీయూ, డిస్క్ రెండూ ఖాళీగా ఉంటే అది నిరీక్షణ.

అసలు సంగతి తెలిసింది 2022లో. మే 24న అమలాపురంలో జరిగిన గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు, గుర్తుందిగా. అది వైశాఖం, పెళ్లిళ్ల సీజను. శుభలేఖ ప్రూఫ్ వాట్సాప్‌లో పంపడానికి బండేసుకుని ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం పోవాల్సి వచ్చేది. ఆ చిరాకులో ఉండగా షాపులో కుర్రాడు ఒకరోజు, "ఏవండీ, ఈమధ్య కోరల్ టక్కున తెరుచుకుంటోంది, గమనించారా?" అన్నాడు. నిజమే. పదిహేను సెకన్లలో తెరుచుకుంటోంది. నేను ఎండల సంగతేమో అనుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ. నెట్ తిరిగొచ్చింది. హాట్‌స్పాట్ కలిపాను. మళ్లీ టీ కొట్టు.

నెట్ లేకపోతే పరుగు, నెట్ ఉంటే నత్తనడక. ఇది తిరకాసుగా కనిపిస్తుంది గానీ లోపల జరిగేది తేలిక. కోరల్ లేచేటప్పుడు డిఫాల్ట్ ప్రింటర్‌ని పలకరిస్తుంది, ఇటీవల తెరిచిన ఫైళ్లు, ఫాంట్లు ఉన్న చోట్లు తడుముతుంది. నా కంప్యూటర్లో డిఫాల్ట్ ప్రింటరు ఇంకా ఆ లేజరే. ఇటీవలి ఫైళ్లన్నీ జడ్‌లోవే. జడ్ అంటే 192.168.1.20 అనే చిరునామా, అది మా భాగస్తుడి కంప్యూటరు. కంప్యూటర్‌కి ఏ నెట్‌వర్కూ తగిలించి లేకపోతే, "దారే లేదు" అని విండోస్ అప్పటికప్పుడే తేల్చేస్తుంది, కోరల్ ముందుకెళ్లిపోతుంది. హాట్‌స్పాట్ తగిలించి ఉంటే దారి ఉన్నట్టే కదా, అడుగుతుంది. ఆ చిరునామాలో ఎవరూ లేరు, అవునూ కాదూ అని చెప్పేవాళ్లు కూడా లేరు. జవాబు రాలేదని మళ్లీ అడుగుతుంది. ఇలా ఒక్క కనెక్షన్ వదులుకోవడానికి విండోస్‌కి సుమారు 21 సెకన్లు పడుతుంది. ఒక్కో ఫైలుకీ, ప్రింటర్‌కీ ఈ తంతు జరిగితే నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో మీరే లెక్కేసుకోండి. ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటి తలుపు కొడుతూ నిలబడ్డట్టన్నమాట. యూట్యూబ్ వేరే ఇంటి తలుపు, అక్కడ మనుషులున్నారు, వెంటనే తీస్తారు.

సాఫ్ట్‌వేర్ తప్పు ఇందులో ఏమీ లేదు. అందుకే మూడుసార్లు తీసి వేసినా మీకు ఫలితం రాలేదు: ఆ డ్రైవ్, ఆ ప్రింటరు విండోస్‌లో ఉన్నాయి, కోరల్‌లో కాదు.

మీరు చేయాల్సిన మొదటి పరీక్ష రెండు నిమిషాల పని. వైఫై ఆపండి, లాన్ వైరు ఉంటే ఊడదీయండి. రౌటర్‌కి వచ్చే నెట్ మాత్రమే ఆపితే చాలదు, కంప్యూటర్ వైపే తెగాలి. ఇప్పుడు కోరల్ తెరవండి. చకచకా తెరుచుకుంటే మీ జబ్బూ నా జబ్బే. నెట్ లేకపోయినా అలాగే బిగుసుకుంటే ఈ జవాబు మీకు పనికిరాదు, అప్పుడు పాడైన ఫాంట్లు, ప్లగిన్లు, గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు చూడాలి.

చకచకా తెరుచుకుందనుకుందాం. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, సీఎండీ అని కొట్టి, ఆ నల్ల కిటికీలో నెట్ యూజ్ అని ఇంగ్లీషులో రెండు మాటలుగా కొట్టండి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకండి, అలా తెరిస్తే మీరు కలుపుకున్న డ్రైవ్‌లు అందులో కనపడకపోవచ్చు, ఏమీ లేవనుకుని మోసపోతారు. జాబితాలో పాత షాపు కంప్యూటర్ పేరో, అన్‌అవైలబుల్ అనో కనిపిస్తే, దిస్ పీసీలో ఆ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి డిస్‌కనెక్ట్ కొట్టండి. దీంతో అవతలి ఫైళ్లు చెరిగిపోవు, మీ వైపు ముడి మాత్రమే విప్పినట్టు. ఒక్క జాగ్రత్త: పాత కోరల్ ఫైళ్లలో బొమ్మలు లోపల పెట్టకుండా జడ్ నుంచి లింక్ చేసి ఉంటే, అవి తెరిచినప్పుడు బొమ్మ దొరకలేదని అడుగుతుంది. నాకు రెండు లేబుళ్లలో అలా అయింది, భాగస్తుడికి ఫోన్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను.

తర్వాత ప్రింటరు. నా అనుభవంలో సగం ఆలస్యం దీనిదే, కానీ దీన్ని ఎవరూ అనుమానించరు. సెట్టింగ్స్‌లో ప్రింటర్ల పేజీకి వెళ్లి, డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ చూసుకునేలా ఉన్న ఆప్షన్ ఆపేసి, మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌ని డిఫాల్ట్‌గా పెట్టండి. అది కంప్యూటర్లోనే ఉంటుంది కాబట్టి ఎవరికోసమూ ఎదురుచూడదు. ఆ ఆప్షన్ ఆపకపోతే మీరు చివరగా వాడిన ప్రింటరే మళ్లీ డిఫాల్ట్ అయి కూర్చుంటుంది. ఇక లేని ప్రింటర్‌ని తీసేయండి, జ్ఞాపకార్థం ఉంచుకోకండి.

మీ ప్రింటరు మీ దగ్గరే ఉండి, కొత్త షాపులో రౌటర్ మాత్రమే మారి ఉంటే కథ కొంచెం వేరు. కొత్త రౌటర్ ప్రింటర్‌కి కొత్త ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా, ఇచ్చి ఉంటుంది, విండోస్ పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. అప్పుడు ప్రింటర్ తీసేసి కొత్త చిరునామాతో మళ్లీ కలపండి, రౌటర్‌లో ఆ ఐపీని ప్రింటర్‌కే రిజర్వ్ చేయించండి. కేబుల్ కుర్రాడిని అడిగితే చేసిపెడతాడు. లేకపోతే వానాకాలంలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చిరునామా మారే ప్రమాదం ఉంటుంది.

ఈ రెండూ అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేసి, నెట్ కలిపి చూడండి. నాకు నాలుగు నిమిషాలు పదిహేను సెకన్లకు వచ్చింది. ఇంకా కాస్త నట్టుతుంటే, ఎఫ్8 పట్టుకుని కోరల్ తెరిస్తే వర్క్‌స్పేస్ మొదటికొస్తుంది. ఫోటోషాప్‌కి కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కి పట్టుకుని తెరిస్తే సెట్టింగులు చెరిపేయమంటారా అని అడుగుతుంది. రెండింటిలోనూ మీరు పెట్టుకున్న షార్ట్‌కట్‌లు పోతాయి కాబట్టి చివరికి ఉంచుకోండి. ఫోటోషాప్ స్క్రాచ్ డిస్క్‌గా, అంటే పని మధ్యలో తాత్కాలికంగా వాడుకునే చోటుగా, నెట్‌వర్క్ డ్రైవ్ పెట్టి ఉంటే అదీ మార్చండి.

అప్పటికీ అంతు చిక్కకపోతే, లోగో బిగుసుకుని ఉన్నప్పుడే అదే నల్ల కిటికీలో నెట్‌స్టాట్, స్పేస్, హైఫన్, ఎన్ కొట్టండి. ఇంగ్లీషులో సిన్ సెంట్ (SYN_SENT) అని ఉన్న వరుసలు చూడండి, అవే జవాబు రాని పిలుపులు. చిరునామా చివర 445 ఉంటే ఏదో షేర్ ఫోల్డర్ కోసం తపిస్తోందన్నమాట.

భీమవరంలో ఇళ్ల ప్లాన్లు గీసే మా బావమరిదికి ఆటోకాడ్‌తో ఇదే బాధ వచ్చింది. అక్కడ ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్ తెరిస్తే, సపోర్ట్ ఫైళ్లు వెతికే దారుల్లో పాత ఆఫీసు సర్వర్ పేరు ఇంకా కూర్చుని ఉంది. అది తీసేస్తే సరిపోయింది. స్టార్ట్ పేజీ నెట్ నుంచి ఏవేవో తెచ్చుకునేటప్పుడు నట్టితే, ఆటోకాడ్ కమాండ్ లైన్‌లో స్టార్ట్‌మోడ్ అని కొట్టి సున్నా ఇస్తే ఆ పేజీ రాదు.

మీ కాపీ క్రాక్ వేసిందైతే మాత్రం, ఆ క్రాక్ ఫైర్‌వాల్‌లో, హోస్ట్స్ ఫైల్‌లో ఏం గెలికిందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. లైసెన్స్ ఉన్నదైతే నెట్ ఆపుకుని రోజులు నెట్టుకురావద్దు, లైసెన్స్ సరిచూసుకోవడానికి దానికి అప్పుడప్పుడూ నెట్ కావాలి.

నెట్ యూజ్ కొడితే వచ్చిన జాబితా, ప్రింటర్ల పేజీ రెండూ ఫోటో తీసి పెట్టండి. పాత షాపులో రౌటర్ ఎవరిదో, ఇప్పుడు మార్చారో లేదో కూడా రాయండి.