షుగర్ దాచి పాలసీ తీసుకోమంటున్నారా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. కంపెనీ ఇచ్చిన 3 లక్షల గ్రూప్ పాలసీలో నేను, నా భార్య, పాప ఉన్నాం. రెండు నెలల్లో ఉద్యోగం మానేసి వ్యాపారం మొదలుపెడుతున్నాను. రెండేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. ఆ సంగతి ఫారంలో రాస్తే ప్రీమియం పెరుగుతుంది, రాయొద్దని ఏజెంటు అంటున్నాడు. వ్యాపారం కుదురుకున్నాకే పాలసీ తీసుకుని, ఈలోపు ఆసుపత్రి ఖర్చు వస్తే పర్సనల్ లోన్‌తో సర్దుకోవచ్చా?

జవాబు: షుగర్ సంగతి రాయండి. ఏ మాత్ర, ఎంత డోసు, ఎప్పటి నుంచి, చివరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) ఎంత, అన్నీ రాయండి. పాలసీ అమ్మితే కమీషన్ ఏజెంటుది, ఫారం మీద సంతకం మాత్రం మీది. ఆసుపత్రిలో చేరగానే డాక్టరు పాత జబ్బులు అడిగి కేస్ షీటులో రాస్తారు. క్యాష్‌లెస్ (బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) కోసం బీమా కంపెనీకి వెళ్లే కాగితాల్లో ఆ వివరమూ ఉంటుంది. మీరు గుండె నొప్పితో చేరినా, షుగర్ దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించవచ్చు, పాలసీ కూడా రద్దు చేయవచ్చు. ‘ఐదేళ్లు దాటితే ఎవరూ అడగరు’ అని కూడా చెబుతుంటారు. 60 నెలల మారటోరియం, అంటే అన్నాళ్లు ప్రీమియం కట్టాక వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదన్న నిబంధన, ఉన్న మాట నిజమే. కానీ మోసం రుజువైతే అది వర్తించదు. పైగా ఆ ఐదేళ్లూ ప్రీమియం కడుతూ, క్లెయిమ్ వస్తుందో రాదోనని బిక్కుబిక్కుమంటూ గడపాలి.

నిజం చెబితే కొంత లోడింగ్ (అదనపు ప్రీమియం) పడవచ్చు, షుగర్ సంబంధిత చికిత్సలకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ రాని కాలం) ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో దాని గరిష్ఠ పరిమితిని నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. ఆ లెక్క పాలసీ మొదలైన రోజు నుంచే. అంటే మీరు వాయిదా వేసిన ప్రతి నెలా అటు చివర కలుస్తుంది.

ఉద్యోగం మానేశాక గ్రూప్ కవర్ ఉండదు. కొత్త పాలసీలో సాధారణంగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిమ్ రాదు. షుగర్ ఉందంటే వైద్య పరీక్షలు, అదనపు కాగితాలు అడుగుతారు. ఒక కంపెనీ కాదంటే ఇంకో చోట ప్రయత్నించడానికీ సమయం కావాలి. కాబట్టి ఈ వారమే దరఖాస్తు చేయండి. దాంతోపాటు, గ్రూప్ పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి హెచ్‌ఆర్‌నీ, బీమా కంపెనీనీ మెయిల్‌లో అడగండి. ఒప్పుకుంటే వెయిటింగ్ పీరియడ్‌లో ఇప్పటిదాకా గడిచిన కాలం పాత 3 లక్షల మేరకు కలిసివస్తుంది.

పాలసీలు పోల్చేటప్పుడు ప్రీమియం కన్నా ముందు రూమ్ రెంట్ నిబంధన చదవండి. 3 లక్షల కవర్‌లో రోజుకు 1 శాతం పరిమితి అంటే 3,000 రూపాయలు. మీరు 6,000 గదిలో ఐదు రోజులున్నారనుకోండి. గదికి 15,000 కోత పడటమే కాదు, సర్జన్, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్ చార్జీలు 1,20,000 అయితే, గది అద్దె పరిమితికి రెట్టింపు కాబట్టి అదే నిష్పత్తిలో అందులోనూ సగమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. అయినా చేతి నుంచి పోయేది 75,000. రూమ్ రెంట్ పరిమితి, కో-పే (బిల్లులో కొంత శాతం మీరే కట్టాలన్న షరతు) లేని పాలసీనే చూడండి. కవర్ 10 లక్షలైనా ఉండాలి. ప్రీమియం భారమైతే 5 లక్షల పాలసీకి సూపర్ టాప్-అప్ (ఏడాది బిల్లులు నిర్ణీత మొత్తం దాటాక ఆపై ఖర్చు భరించే పాలసీ) జోడించండి. వ్యక్తిగత పాలసీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. పాత కొటేషన్‌తో లెక్క వేసుకోకండి.

ఇక పర్సనల్ లోన్. జీతం ఆగిపోయిన మనిషికి ఆసుపత్రి మంచం మీద బ్యాంకు ఎందుకు అప్పిస్తుంది? ఇచ్చేవాళ్లు అడిగే వడ్డీతో మీ వ్యాపారమే మునుగుతుంది. ఆ ఆలోచన మానుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే రాజీనామా ఇవ్వండి.

పాలసీ వచ్చాక దాంతో జతచేసిన ప్రపోజల్ ఫారం కాపీ తెరిచి, డయాబెటిస్ ఎదురుగా ‘అవును’ ఉందో లేదో చూడండి. ‘కాదు’ అని ఉంటే వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి సరిచేయించండి. పాలసీయే నచ్చకపోతే, అందిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ (పాలసీ చదివి చూసుకునే గడువు) కింద వెనక్కి ఇవ్వవచ్చు.