‘జాతి, లింగ వివక్ష’: మధ్యలో కామా

సందేహం: అమెరికా జైళ్ళలో నల్లజాతి స్త్రీల బతుకు గురించిన వ్యాసం అనువదిస్తున్నాను. శీర్షికలో ‘జాతి, లింగ వివక్ష’ అని రాశాను. జాతి కాదు, ‘వర్ణం’ అనాలని మిత్రుడి వాదన. ఇంకొకటి, ఖైదీకి స్త్రీలింగ రూపంగా ‘ఖైదురాలు’ అనవచ్చా?

సమాధానం: చిన్న సందేహం ముందు తీర్చుకుందాం. నిందితుడు–నిందితురాలు, నేరస్థుడు–నేరస్థురాలు వంటి జంటల్లో ‘రాలు’ సహజంగా వస్తుంది. ఖైదీ ఉర్దూ నుంచి వచ్చిన మాట. ఖైదుడు లేడు కనక ఖైదురాలూ లేదు. ‘మహిళా ఖైదీ’ అనండి. అయితే తెలుగు బహువచన క్రియలో ఆడా మగా తేడా కనిపించదు. ‘ఖైదీలు వచ్చారు’ అంటే చదివేవాళ్ళ కళ్ళముందు మగవాళ్ళే మెదులుతారు. అందుకని ‘మహిళా’ అన్న మాటను మొదటి పేరాలో వాడి వదిలేయకండి.

వర్ణం అనగానే మనకు చాతుర్వర్ణ్యం కూడా గుర్తొస్తుంది. దక్షిణాఫ్రికా సందర్భంలో ‘వర్ణవివక్ష’ స్థిరపడింది, దాన్ని కదపనక్కరలేదు. జాతికీ అర్థాలు చాలానే ఉన్నాయి. జాతిపితలో అది దేశప్రజ, పక్షిజాతిలో జీవభేదం. అయినా నల్లజాతి, తెల్లజాతి అన్నప్పుడు ఎవరూ పొరబడరు. మీ మాటే ఉంచండి.

నా అభ్యంతరమల్లా ఆ కామాతోనే. జాతి వల్ల ఒక కష్టం, ఆడది అయినందుకు ఇంకో కష్టం, రెండూ కూడితే మొత్తం అన్నట్టుంది. జరిగింది అలా కాదు. 1865లో వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి వేసే శిక్షను అందులోంచి మినహాయించింది. ఆ మినహాయింపును ఆసరా చేసుకుని దక్షిణాది రాష్ట్రాలు ఖైదీలను కాంట్రాక్టర్లకు అద్దెకిచ్చాయి. జార్జియాలో నల్లజాతి స్త్రీలను కూడా మగవాళ్ళతో పాటు ఇటుక బట్టీల్లోకి, పొలాల్లోకి తోలారు. 1873లో ఇండియానాలో స్త్రీలకే ప్రత్యేకించిన జైలు తెరిచారు. ఆ తర్వాత ఉత్తరాదిన వెలసిన సంస్కరణాలయాల్లోకి ఎక్కువగా తెల్లజాతి స్త్రీలనే పంపి, కుట్టుపని, ఇంటిపని నేర్పారు. అదీ స్వేచ్ఛేమీ కాదు, చిన్నపాటి నడవడి తప్పులకే ఏళ్ళు గడపాల్సి వచ్చేది. కానీ ‘ఆడమనిషి కదా’ అన్న ఆలోచన తెల్ల స్త్రీ విషయంలో కలిగినంతగా నల్ల స్త్రీ విషయంలో కలగలేదు. ఆమెను ఆడమనిషిగా చూడనివ్వనిది ఆమె జాతే. ఇక ఆ రెంటినీ వేరుచేసి లెక్కకట్టడం ఎలా? న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా 1989లో దీన్ని నాలుగు దారులు కలిసే కూడలిలో జరిగే ప్రమాదంతో పోల్చి చెప్పారు: దెబ్బ ఏ దారి నుంచి తగిలిందో కొన్నిసార్లు విడదీసి తేల్చలేం.

వ్యాకరణం ఇక్కడ మీకు సాయపడుతుంది. ‘జాతి, లింగం’ అన్న జంటలో రెండు మాటలూ దేనికది నిలబడతాయి. ‘నల్లజాతి స్త్రీ’లో మొదటి మాట రెండోదానిలో ఒదిగి ఒకే మనిషిని చూపుతుంది. కాబట్టి శీర్షికను ‘నల్లజాతి స్త్రీగా ఖైదులో’ అని మార్చి చూడండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. వ్యాసంలో జోఆన్ లిటిల్ కేసు వస్తే ‘మానభంగం’ అని రాయకండి. 1974లో నార్త్ కరొలైనాలోని ఒక కౌంటీ జైల్లో తనపై లైంగిక దాడికి దిగిన తెల్లజాతి కాపలాదారును ఆత్మరక్షణ కోసమే పొడిచానని ఆ నల్లజాతి యువతి చెప్పారు. 1975లో జ్యూరీ ఆమెను నిర్దోషిగా తేల్చింది. మానభంగం అన్న మాట నష్టాన్ని బాధితురాలి మానంలో వెతుకుతుంది. బానిసత్వ కాలపు దక్షిణాది చట్టమైతే నల్లజాతి బానిస స్త్రీకి కాపాడదగ్గ మానం ఉందనే ఒప్పుకోలేదు. అలాంటి చరిత్ర ఉన్నచోట ‘లైంగిక దాడి’ అనండి. ‘దాడి జరిగింది’ అని కాక, ‘కాపలాదారు దాడి చేశాడని ఆమె చెప్పారు’ అని కర్తతో సహా రాయండి. ‘ఖైదీ కాపలాదారును చంపింది’ అన్న వాక్యం కంటే ముందే ఈ వాక్యం రావాలి.