ముందు ప్యాడ్, తర్వాతే రీసెట్

ప్రశ్న: తణుకులో మాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. నాలుగేళ్లుగా వాడుతున్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ నిన్న లైట్లు మినుకుమంటూ ఆగిపోయింది. ఇంక్ ప్యాడ్ గడువు అయిపోయిందని కంప్యూటర్‌లో వచ్చింది. నెట్‌లో దొరికే రీసెట్ సాఫ్ట్‌వేర్ వాడొచ్చా? హాల్ టికెట్ల సీజన్, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: కంగారు పడకండమ్మా, ప్రింటర్ పాడవలేదు. హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాల శుభ్రం) చేసిన ప్రతిసారీ కొంత ఇంకు లోపలున్న స్పాంజిలాంటి ప్యాడ్‌లోకి పోతుంది. ఎంత పోయిందో ప్రింటర్ అంచనాగా లెక్క రాసుకుంటుంది. హద్దు చేరగానే ఆగిపోతుంది. రీసెట్ చేస్తే ఆ అంకె మాత్రమే సున్నా అవుతుంది. ప్యాడ్‌లోని ఇంకు ఎక్కడికీ పోదు.

ఒక ఫొటో స్టూడియో వాళ్లు ప్యాడ్ మార్చకుండానే మూడుసార్లు రీసెట్ చేశారు. నేను వెళ్లేసరికి అడుగు నుంచి ఇంకు కారి, టేబుల్ మీదున్న పెళ్లి ఆల్బమ్ తడిసిపోయింది. ఆ ఆల్బమ్ సొంతదారైన ఇల్లాలి ముఖం ఇప్పటికీ మర్చిపోలేను. ఇంకు కరెంటు బోర్డుకి తగిలితే ప్రింటరే పోతుంది.

కాబట్టి ముందు ప్యాడ్ మార్పించండి. వారంటీ ఉంటే మీరు విప్పొద్దు, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. లేకపోతే ప్లగ్ తీసి, కింద పాత పేపర్లు పరిచి, గ్లౌజులతో చేయాలి. కొన్ని మోడళ్లలో ప్యాడ్ బదులు మనమే మార్చుకునే మెయింటెనెన్స్ బాక్స్ (వృథా ఇంకు చేరే డబ్బా) ఉంటుంది, అదైతే రెండు నిమిషాల పని.

యాంటీవైరస్ ఆపమని అడిగే రీసెట్ సాఫ్ట్‌వేర్ జోలికి అస్సలు వెళ్లకండి. మీ షాపు కంప్యూటర్‌లో కస్టమర్ల ఆధార్ కాపీలు ఉంటాయి కదా! ప్యాడ్ మార్చాక రీసెట్ కోసం ప్రింటర్ కంపెనీ సాయం అడగండి, లేదా తెలిసిన మెకానిక్‌తో చేయించండి.

ఇకమీదట అక్షరాలు సరిగా పడుతుంటే హెడ్ క్లీనింగ్ నొక్కొద్దు.