కన్నీళ్ళు కాసేపు పక్కన పెట్టు

అమ్మాయీ,

నీ కాగితాలు సోమవారం అందాయి. ఒక్క బిగిన చదివేశాను. సాయంత్రం దాకా ఒళ్ళు మండుతూనే ఉంది.

సావిత్రి మీద, గాయని జిక్కి మీద పద్నాలుగు పేజీలు. శీర్షికలోనే కన్నీళ్ళు, మొదటి వాక్యంలోనే ఆసుపత్రి మంచం. పందొమ్మిది నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరులో సావిత్రి పోయిందని తెలియని తెలుగిల్లు ఉందా? దానికి నాలుగు పేజీలా! 1968లో తనే డైరెక్టరై ‘చిన్నారి పాపలు’ తీసి, సంగీతం గాయని పి.లీల చేతిలో పెట్టిన సంగతికి మాత్రం ఒకే ఒక్క వాక్యం. అదీ ఆస్తులు కరగడం అక్కణ్ణించే మొదలైందని చెప్పడానికి.

‘మాయాబజార్’ పెట్టుకుని, సౌండు తీసేసి చూడు. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సావిత్రి శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఎస్వీ రంగారావు భుజాలు ఆ పిల్ల ఒంట్లోకి ఎలా వచ్చాయి? మగ నడక నడిచేస్తూ, అంతలో గుర్తొచ్చి, చటుక్కున సిగ్గు ఎలా తెచ్చుకుంటుంది? ఆ ఒక్క క్షణం మీద ఒక పేజీ రాసి పంపు, నిన్ను రచయిత్రి అంటాను. “పాపం” అనడానికి రచయిత్రి ఎందుకు, పక్కింటి పిన్నిగారు చాలు.

నీ తప్పు కూడా కాదులే. మాకూ అదే నేర్పారు. నా ఇరవై రెండో ఏట జిక్కి గొంతు మీద ఓ వ్యాసం రాసి, గుంటూరు నుంచి బస్సెక్కి బెజవాడలో ఒక వారపత్రిక ఆఫీసుకి వెళ్ళాను. ఎడిటరు గారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, “పాట సంగతి ఎవడిక్కావాలమ్మా, మొగుడి సంగతి రాయి” అన్నాడు. వేసుకున్నాడు చివరికి, మూడొంతులు కోసి, తలనూనె ప్రకటన పక్కన. పైన నేను పెట్టని శీర్షిక: ‘కన్నీటి కోకిల’! ఆ వ్యాసంలో కన్నీటి చుక్క లేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, నాకు మాత్రం కోపం పోలేదు.

ఆ వ్యాసం ఎలా రాశాననుకున్నావు? మా ఇంట్లో గ్రామఫోను లేదు. బస్టాండు దగ్గర హోటల్లో రికార్డులు వేసేవాళ్ళు. లోపలికెళ్తే టీ తాగాలి, డబ్బుల్లేవు. బయట కిళ్ళీకొట్టు నీడలో నిలబడి, పాటల పుస్తకం చేత్తో పట్టుకుని, ‘ఏరువాకా సాగారో’లో ఆవిడ ఊపిరి ఎక్కడ పీలుస్తోందో పెన్సిల్‌తో గీత పెట్టుకునేదాన్ని. 1955 నాటి ‘రోజులు మారాయి’ పాట. తెర మీద వహీదా రెహమాన్ ఆడింది, జనం ఆ ఆటే చెప్పుకున్నారు. ఆ పరుగు గొంతులోంచి వచ్చిందని నా గీతలు చెప్పాయి. మైకు ముందు అందరూ కలిసి పాడి వాయించిన కాలం అది, ఒకరు తప్పితే అందరికీ మళ్ళీ మొదటికే. అలాంటి చోట నిలబడ్డ మనిషిని పట్టుకుని “అమాయకురాలు” అని రాస్తావా?

ఇంకొకటి. జిక్కి భర్త, గాయకుడు ఏ.ఎం.రాజా 1989లో రైలు ప్రమాదంలో పోయాడు. 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’లో బాలు, శైలజలతో కలిసి ‘జాణవులే’ పాడింది. ఈ రెండిటినీ ముడిపెట్టి, ఆ గొంతులో విషాదం వినబడుతుందని నేనూ ఒకసారి రాయబోయాను. పాట మళ్ళీ విన్నాను. విషాదం లేదు, కొంటెతనం ఉంది. వాక్యం కొట్టేశాను. నువ్వు కొట్టెయ్యలేదు.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం ఎవరు వేస్తారు అని అడిగావు. ఇప్పుడు కాదు.

తొమ్మిదో పేజీలో, రెండు పేరాల మధ్య, మీ అమ్మమ్మగారు ఉన్నారు. రేడియోలో జిక్కి గొంతు రాగానే రుబ్బురోలు ఆపి, పిండి చేత్తోనే విని, చరణం అయ్యాక మళ్ళీ తిప్పేవారని రాశావు. బాగుంది. ఏ పాటకో రాయలేదు. ఆవిడ ఉంటే వెళ్ళి అడుగు, కార్డు ముక్క మీద రాసి పంపు.

మిగతా పదమూడు పేజీలూ ఈ కవర్లోనే తిప్పి పంపుతున్నాను. తొమ్మిదోది నా దగ్గరే ఉంచుకున్నాను.