ఇంటికెళ్లి ఉత్తరం రాస్తామన్నారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి చదువుతున్నాడు. ఐదేళ్ల కిందట హైదరాబాద్ నుంచి వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. కంప్యూటర్ సైన్స్ కోసం అమెరికా తూర్పు తీరంలోని ఒక యూనివర్సిటీకి నవంబర్ 1 గడువులో ఎర్లీ డెసిషన్ కింద, అంటే సీటొస్తే తప్పక చేరతామని మాటిచ్చి, అప్లై చేశాం. మొన్న తెల్లవారుజామున ఐదున్నరకు ఫలితం వచ్చింది. సీటు ఇవ్వలేదు, కాదనీ అనలేదు, మమ్మల్ని డిఫర్ చేశారు. మార్చి చివరిదాకా ఆగాలట. ఇంకో కాలేజీకి ఈడీ 2 (రెండో విడత ఎర్లీ డెసిషన్) వేయాలా, దీనికోసమే ఆగాలా, ఇక్కడే సీటు చూసుకోవాలా? మూడూ పోల్చి చెప్పండి. వాడు గది తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు. బంధువులకు ఏం చెప్పాలో తోచడం లేదు. - ఒక తల్లి

జవాబు: అమ్మా, పోల్చి చెబుతాను గానీ ముందు మీ ఉత్తరంలో రెండు మాటలు పట్టుకుంటాను, ఏమీ అనుకోకండి. ‘అప్లై చేశాం’ అన్నారు. ‘మమ్మల్ని డిఫర్ చేశారు’ అన్నారు. అప్లై చేసింది మీ అబ్బాయి. డిఫర్ అయింది కూడా వాడే. ఏటా డిసెంబర్ మూడో వారంలో ఈ ‘మేము’ నాకు ఫోన్లలో వినిపిస్తూనే ఉంటుంది. రెండేళ్ల కిందట ఒక తండ్రి అప్లికేషన్ ప్రింటవుట్ ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుని వచ్చారు. మొదటి పేజీ మూల పసుపు, దానిమీద కుంకుమ బొట్టు. గంటసేపు ఆయనే మాట్లాడారు. పక్కన కూర్చున్న పిల్లవాడు ఆ బొట్టు వైపే చూస్తున్నాడు. సీటు రాలేదన్న దిగులు వాడికి ఎంతుందో గానీ, ఆ బొట్టు పెట్టిన వాళ్లకు మొహం ఎలా చూపించాలన్నదే ఎక్కువగా కనిపించింది. మీ వాడు తలుపు వేసుకోవడానికి కారణం కూడా అదేనేమో ఆలోచించండి.

డిఫర్ అంటే ఏమిటి? పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ‘ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం’ అనడం. మన ఇళ్లలో ఆ మాటకు కాదనే అర్థం కాబట్టి మీరు అలాగే తీసుకున్నారు. అక్కడ మాత్రం దాన్ని ఉన్నదున్నట్టే తీసుకోవాలి. మీ వాడి ఫైలు మూసేయలేదు, మామూలు గడువులో వచ్చిన అప్లికేషన్లతో కలిపి మళ్లీ చదువుతారు. దీన్ని వెయిట్‌లిస్ట్‌తో కలపకండి. అది సీట్లన్నీ పంచేశాక, ఎవరైనా వదులుకుంటే పిలిచే వరస. అలాగని ఆశ మరీ పెంచుకోవద్దు. ఇలా ఆగినవాళ్లలో చివరికి సీటు దొరికేది కొద్దిమందికే.

అప్లికేషన్‌లో రాసిన వ్యాసం బాగాలేదా, మార్కులు చాల్లేదా, ఇంకో కన్సల్టెంట్‌ని పెట్టుకోవాల్సిందా అని మీరు తవ్వుకుంటూ ఉండి ఉంటారు. ఫీజుకు ఆర్థిక సాయం అడిగారో లేదో మీరు రాయలేదు. విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడిగాడా అన్నది చాలా యూనివర్సిటీలు సీటిచ్చేటప్పుడే లెక్కలోకి తీసుకుంటాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొన్ని మాత్రమే దాన్ని పక్కన పెట్టి చూస్తాయి. అంటే మీ వాడి తప్పేమీ లేకుండానే ఇలా జరిగి ఉండొచ్చు. ఏది కారణమో ఎవరూ చెప్పరు కాబట్టి వెతకడం మానేయండి.

ఇక ఈడీ 2. డిఫర్ కాగానే మొదటి కాలేజీకి ఇచ్చిన మాట రద్దయినట్టే, మీ వాడు ఇంకోచోట వేసుకోవచ్చు. చాలాచోట్ల గడువు జనవరి మొదటి రోజుల్లోనే, ఫలితం ఫిబ్రవరి మధ్యలో. కానీ ఎర్లీ డెసిషన్ అంటే తాంబూలాలు పుచ్చుకోవడం. సీటొస్తే మిగతా అప్లికేషన్లన్నీ, ఈ మొదటిదాంతో సహా, వెనక్కి తీసుకోవాలి. అందుకని వాడిని ఒక్కటే అడగండి: రెండూ వస్తే దేనికి వెళ్తావు? మొదటిదాని పేరే చెబితే ఈడీ 2 వాడికోసం కాదు, మీ టెన్షన్ కోసం వేస్తున్నట్టు. పైగా సాయం అవసరమైతే నాలుగు కాలేజీలు ఎంతెంత ఇస్తామంటున్నాయో పోల్చుకునే వీలు పోతుంది. నేనైతే వద్దంటాను. ఈ వారంలో మామూలు గడువుకు మరో మూడు నాలుగు కాలేజీలు వేస్తే చాలు.

అసలు ఇంటర్ అవగానే అమెరికా అన్న ఈ దారి మీదే నాకు అనుమానం ఉంది. ఇది చెబితే ‘పిల్లల్ని అక్కడికి పంపించడమే మీ పని కదా’ అని నవ్వుతారు. తొమ్మిదో తరగతి నుంచే ‘ప్రొఫైల్’ అంటారు, అప్లికేషన్‌లో చూపించుకోవడానికి చేసే పనుల చిట్టా. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు అపార్ట్‌మెంట్లలో నురగతో పేరుపడ్డ బెళ్లందూరు చెరువు మీద ప్రాజెక్టు చేయని పిల్లవాడు నాకు ఈమధ్య కనపడలేదు. ఆ నురగ ఎన్ని వ్యాసాలకు ఎక్కిందో! వాళ్లలో చెరువు గట్టు మీద నిజంగా నిలబడ్డవాళ్లు ఇద్దరో ముగ్గురో.

డబ్బు సంగతి చూడండి. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటింది. సాయం లేకపోతే నాలుగేళ్లకు రెండున్నర కోట్ల పైమాటే. ఆ తర్వాత ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసుకునే అనుమతి, ఏడాది, కంప్యూటర్ సైన్స్ కాబట్టి ఇంకో రెండేళ్లు. అటుపైన హెచ్-1బీ ఉద్యోగ వీసా. ఏడాదికి మామూలు కోటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. డిగ్రీతో ఆగినవాడికి ఆ రెండో కోటాలో చోటు లేదు. ఇక్కడ బీటెక్ చేసి మాస్టర్స్‌కు వెళ్లినవాడు తక్కువ ఖర్చుతో రెండు కోటాల్లోనూ ఉంటాడు. ఈ లెక్క ఏ కన్సల్టెంటూ బ్రోచర్‌లో వేయడు. అక్కడ చదువు గొప్పది కాదనడం లేదు. ఆ ధర పెట్టి ఏం కొంటున్నామో తెలిసి కొనమంటున్నాను.

ఇక్కడి సీటు అంటే మీకు ఓడిపోయినట్టుంది, మాటలోనే తెలుస్తోంది. పరీక్షల వివరాలు మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి. కర్ణాటక ప్రభుత్వ ప్రవేశ పరీక్ష కేసెట్‌లో మామూలు నిబంధన ప్రకారం కర్ణాటకలో కనీసం ఏడేళ్లు చదివి ఉండాలి. మీరొచ్చి ఐదేళ్లే కాబట్టి ముందు అర్హత ఖాయం చేసుకోండి. అక్కడి ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష కామెడ్‌కెకు ఆ గొడవ లేదు, ఏ రాష్ట్రం వాళ్లయినా రాయొచ్చు. జేఈఈ మెయిన్ ఏప్రిల్ విడత కూడా ఉంది. మార్చి దాకా చూసి అప్పుడు చూద్దామనుకుంటే కామెడ్‌కె గడువు దాటిపోవచ్చు. ఆ ఫారం వాడితోనే నింపించండి. వాడి ముందు ‘ఏదీ రాకపోతే ఇదైనా’ అనొద్దు.

ఆగడంలో చేయాల్సిన పని రెండే. మొదటిది, ఇప్పటికీ ఆసక్తి ఉందని ఒక పేజీ ఉత్తరం. యూనివర్సిటీ పోర్టల్‌లో అందుకు ఫారం ఇస్తే అందులోనే రాయాలి. ఇంకేమీ పంపొద్దని రాసి ఉంటే పంపకూడదు. నవంబర్ తర్వాత కొత్తగా ఏం జరిగిందో నాలుగు ముక్కలు, సీటిస్తే తప్పకుండా వస్తానని ఒక ముక్క, అదీ నిజమైతేనే. రెండోది, స్కూల్ నుంచి వెళ్లే మిడ్-ఇయర్ రిపోర్ట్, అంటే ఏడాది మధ్యలో పంపే మార్కుల నివేదిక. జనవరి ప్రీబోర్డు మార్కులు అందులో వెళ్తాయేమో స్కూల్ కోఆర్డినేటర్‌ని కనుక్కోమనండి. వెళ్తే మాత్రం, ఇప్పుడు వాడి చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. తలుపు వేసుకుని చదువుకుంటుంటే వేసుకోనివ్వండి.

మీరు మాత్రం అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టకండి. వాడి పేరుతో అసలే వద్దు. ఒక తండ్రి అలా మూడు మెయిళ్లు పెట్టారు. మూడోదానికి జవాబు వచ్చింది, మర్యాదగానే, కొడుకుకి. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు.

బంధువులకా? ‘ఇంకా తేలలేదు’ అనండి. అది అబద్ధం కూడా కాదు.

మార్చి చివర్లో ఫలితం వచ్చే రోజు ఒకటి గుర్తుంచుకోండి. అప్పటికి అమెరికాలో గడియారాలు గంట ముందుకు తిప్పుతారు. అక్కడ సాయంత్రం ఏడింటికే పెడితే, ఈసారి మనకు ఐదున్నర కాదు, నాలుగున్నర. అలారం పెట్టుకోవాలో లేదో వాడిని తేల్చుకోనివ్వండి. మీరు పడుకోండి.