బావిలో ఈత వచ్చినంత మాత్రాన పెద్ద రాఫ్టింగ్ ట్రిప్ తీసుకోకండి

మీరు రాసింది మొత్తం చదివాను అన్నా. నల్లగొండ నుంచి తొమ్మిది మంది, దసరా తర్వాత రిషికేశ్‌లో గంగ మీద రాఫ్టింగ్ (గాలి నింపిన రబ్బరు పడవ, అదే రాఫ్ట్, ఎక్కి తెడ్లు వేస్తూ జోరు నీళ్లలో పోవడం), కుర్రాళ్లంతా కౌడియాల నుంచి మొదలయ్యే 35 కిలోమీటర్ల ట్రిప్పే కావాలంటున్నారు, ఇద్దరు ఆడవాళ్లకు ఈత రాదు, మీ బావగారికి 52 ఏళ్లు, బీపీ మాత్రలు వాడుతున్నారు, 13 ఏళ్ల అబ్బాయి కూడా ఉన్నాడు. "మాలో అయిదుగురికి బావిలో ఈత బాగా వచ్చు, సరిపోదా?" అన్నారు. సరిపోదు. ఎందుకో మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నేనూ మా తమ్ముడూ నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని మోట బావిలో ఈత నేర్చుకున్నవాళ్లం, పదేళ్లు వచ్చేసరికి గట్టు మీంచి దూకేవాళ్లం. మేం ఆరుగురం రిషికేశ్ వెళ్లినప్పుడు అదే ధైర్యంతో మెరైన్ డ్రైవ్ (ముంబైది కాదు, అక్కడ గంగ ఒడ్డున అదే పేరున్న చోటు) నుంచి మొదలయ్యే ట్రిప్ తీసుకున్నాం, సుమారు 25 కిలోమీటర్లు. మా అక్కకు ఈత రాదు, నీళ్లంటేనే భయం. "నేను ఒడ్డునే ఉంటా తమ్మీ" అని ముందు రోజు రాత్రి రెండుసార్లు అంది. మేమే వినలేదు, అందరం ఉన్నాం కదా అక్కా అని ఎక్కించాం.

త్రీ బ్లైండ్ మైస్ అని ఒక రాపిడ్ ఉంది. రాపిడ్ అంటే నది రాళ్ల మధ్య ఇరుకై, వాలు మీద అలలూ సుళ్లూ లేచే చోటు. అక్కడ ఒక అల పక్కనుంచి కొట్టి తమ్ముడు పడిపోయాడు. పడ్డవాడు బావిలో ఈదినట్టు బోర్లా తిరిగి ఒడ్డు వైపు చేతులు వేయడం మొదలుపెట్టాడు. గైడ్ "పైకి తిరుగు, కాళ్లు పైకెత్తు" అని అరుస్తున్నాడు. వాడు వినే స్థితిలో లేడు, లోతు తక్కువ కనిపించిన చోట నిలబడబోయాడు. పారే నీళ్లలో నిలబడటం అన్నిటికంటే ప్రమాదం, పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే వెనకనుంచి వచ్చే ప్రవాహం మనిషిని ముందుకు వంచి నీళ్లలోకి తొక్కేస్తుంది. వెల్లకిలా పడుకుని, పాదాలు నది పారే వైపు పెట్టి, కాలివేళ్లు నీటిపైకి కనిపించేలా తేలుతూ పోవాలి, రాళ్లు వస్తే పాదాలతో నెట్టుకోవాలి. ఇది ఎక్కే ముందు చెప్పారు కూడా, మేమే ఫోటోల గొడవలో సరిగ్గా వినలేదు. వెంట కయాక్ (ఒక్కరు కూర్చునే సన్నటి పడవ) మీద వచ్చే మనిషి ఉన్నాడు కాబట్టి వాడిని పట్టుకుని తెచ్చాడు.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. తమ్ముడు మళ్లీ రాఫ్ట్ ఎక్కి పది నిమిషాల్లో తేరుకున్నాడు, అక్క తేరుకోలేదు. తెడ్డు ఒళ్లో పడేసి రెండు చేతులతో అంచు తాడు పట్టుకుని కూర్చుండిపోయింది, గైడ్ ఎంత పిలిచినా తల ఎత్తలేదు. ఒక పక్క తెడ్డు ఆగిపోతే రాఫ్ట్ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన రాఫ్ట్‌నే అల బోల్తా కొట్టిస్తుంది. అంటే ఒకరి భయం మిగతా అందరికీ ప్రమాదమే, దాంట్లో భయపడినవాళ్ల తప్పేమీ లేదు, ఎక్కించినవాళ్లదే తప్పు. శివ్‌పురి దగ్గర ఆపించి, ఇసుకలో రాళ్లలో ఆమెను నడిపించుకుంటూ రోడ్డు దాకా ఎక్కి, జీపులో తెచ్చాం. రాత్రి అన్నం కలుపుతుంటే చూశాను, ఆమె కుడి అరచేతిలో నైలాన్ తాడు మెలిక అచ్చు అట్లాగే ఎర్రగా ఉంది. అది చూశాక నాకు ముద్ద దిగలేదు.

అందుకే ట్రిప్ ఎంచుకునేటప్పుడు గుంపులో అందరికంటే ధైర్యం ఉన్నవాడిని కాదు, అందరికంటే భయపడేవాళ్లను అడగండి. అదీ అందరి ముందు కాదు, విడిగా. నలుగురిలో అడిగితే మొహమాటానికి "వస్తా" అంటారు.

ఇక గ్రేడ్ల సంగతి, అంటే రాపిడ్ ఎంత కష్టమో చెప్పే అంకెలు. 1 నుంచి 6 దాకా ఉంటాయి. 1 అంటే కదిలే నీళ్లు, అంతే. 2లో చిన్న అలలు, 3లో రాఫ్ట్ ఊగుతుంది, అందరూ గైడ్ మాట ప్రకారం తెడ్డు వేయాలి, 4లో పడితే మనంతట మనం ఒడ్డు చేరడం కష్టం. 5 అనుభవం ఉన్నవాళ్లకే, 6 గురించి మనం మాట్లాడుకోవాల్సిన పనే లేదు. మీ కుర్రాళ్లు అడుగుతున్న కౌడియాల ట్రిప్‌లో ద వాల్ అనే రాపిడ్ ఉంది, అది 4 లేదా అంతకు కాస్త ఎక్కువ. శివ్‌పురి నుంచి 16 కిలోమీటర్ల ట్రిప్‌లో కూడా రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అనే రాపిడ్లు వస్తాయి, చిన్నవేమీ కాదు. బ్రహ్మపురి నుంచి ఎక్కితే గోల్ఫ్ కోర్స్ దాటాకే మొదలవుతుంది, దూరం 9, 10 కిలోమీటర్లు.

ఈ గ్రేడ్ కూడా రాయి మీద చెక్కింది కాదు, నీటిమట్టంతో మారుతుంది. జూరాల గేట్లు ఎత్తినప్పుడు బీచుపల్లి దగ్గర కృష్ణను చూడండి, ఎండాకాలంలో అక్కడే బండలు ఎట్లా తేలి ఉంటాయో చూడండి, ఒకే నది అంటే నమ్మలేం. గంగ కూడా అంతే, జూలై, ఆగస్టుల్లో రాఫ్టింగ్ ఆపేస్తారు, వానలు తగ్గి మళ్లీ మొదలైన కొత్తలో నీళ్లు జోరుగానే ఉంటాయి. మీరు వెళ్లేది అప్పుడే. కాబట్టి "ఈ ట్రిప్ ఏ గ్రేడ్" అని కాదు, "ఈ వారం నీళ్లకు ఏ గ్రేడ్" అని అడగండి.

బుక్ చేసే ముందు ఇంకా అడగాల్సినవి: ఏ ఊరి దగ్గర ఎక్కిస్తారు, ఎక్కడ దింపుతారు (కిలోమీటర్లు చెప్తే వినకండి, పేర్లు చెప్పమనండి), వెంట సేఫ్టీ కయాక్ వస్తుందా, ఎవరైనా మధ్యలో దిగిపోతే బండి ఉంటుందా. "ఏం కాదు సార్, అందరూ చేస్తారు" అన్నదే జవాబైతే ఇంకొకరిని చూసుకోండి. అక్కడికి వెళ్లాక లైఫ్ జాకెట్ తొడిగించి భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగండి, చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టు, బిగించండి. చున్నీలు, జీన్స్ వద్దు, తడిస్తే బరువు. మామూలు చెప్పులు మొదటి రాపిడ్‌లోనే పోతాయి.

మీ బావగారు డాక్టర్‌ను అడగకుండా ఎక్కవద్దు, గంగ నీళ్లు మన చెరువు నీళ్లలా ఉండవు, ఒక్కసారి మీద పడితే ఊపిరి ఆగినట్టవుతుంది.

మేం తర్వాతి ఏడాది ఆగస్టులో అక్కనే తీసుకుని మహారాష్ట్రలోని కోలాడ్ వెళ్లాం, కుండలికా నది, 2, 3 గ్రేడ్లు. అక్కడ పొద్దున డ్యామ్ నుంచి నీళ్లు వదిలినప్పుడే రాఫ్టింగ్. వెళ్లే ముందు రెండు వారాలు హైదరాబాద్‌లో స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్ జాకెట్ వేసి వెల్లకిలా తేలడం అలవాటు చేయించాం, ఈత నేర్పలేదు, తేలడం ఒక్కటే. ఆమె చివరిదాకా తెడ్డు వదల్లేదు. మన సోమశిలలో, సాగర్‌లో లాంచీ ఎక్కాం కదా, అలవాటే అనుకుంటారు చాలామంది, అది నిలిచిన నీరు, దీనికి లెక్కలోకి రాదు.

మీ తొమ్మిది మందికి నా మాట ఇది: ఒకే ట్రిప్ వద్దు, రెండుగా విడిపోండి. ఈత వచ్చినవాళ్లు, ఇష్టమున్నవాళ్లు శివ్‌పురి నుంచి, మిగతావాళ్లు బ్రహ్మపురి నుంచి, అదీ వాళ్లంతట వాళ్లు వస్తామంటేనే. కౌడియాల ఈసారికి వదిలేయండి. అబ్బాయికి మాత్రం కుదరదు, రిషికేశ్‌లో 14 ఏళ్లు నిండాలి, వయసు ఎక్కువ చెప్పి ఎక్కించాలని చూడకండి. ఆ సంగతి వాడికి ఇంట్లో ఉండగానే చెప్పండి, అంత దూరం వచ్చి ఘాట్ దగ్గర జాకెట్లు పంచేటప్పుడు చెప్తే పాపం ఏడుస్తాడు.